గింజ కింద పడేలోపు తేలాల్సిన లెక్క: మీ రైస్ మిల్లు వార్త మీద ఒక ఉత్తరం

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న మీ పేపర్ జిల్లా ఎడిషన్‌లో రైస్ మిల్లుల మీద సగం పేజీ వార్త వేశారు, బియ్యంలో నల్ల గింజని కెమెరా కనిపెట్టి గాలితో ఊది పారేస్తుంది, ఇదంతా ఏఐ మహిమ అని. వార్త బావుంది, రాసినాయన నిజంగానే మిల్లు లోపలికెళ్ళి చూశాడు, తవుడు దుమ్ము గురించి రాసిన ముక్క చదువుతుంటే నాకు ఇక్కడ కూర్చుని తుమ్మొచ్చింది. కానీ ఆ "ఏఐ మహిమ" దగ్గరికొచ్చేసరికి మనసొప్పలేదు. నేను హైదరాబాద్‌లో ఎఫ్‌పీజీఏ (మనకి కావాల్సిన సర్క్యూట్ లోపల కట్టుకోగలిగే చిప్పు) డిజైన్ పని చేస్తా, పదకొండేళ్ళయింది, మా మేనమామకి మిర్యాలగూడ దగ్గర చిన్న మిల్లుంది, కాబట్టి ఆ మిషన్ని బయట నుంచీ లోపల నుంచీ కూడా కాస్త ఎరుగుదును. ఉత్తరం పొడుగైపోయింది, కత్తిరించుకోండి పర్లేదు, లెక్కలు మాత్రం తీసేయకండి ప్లీజ్, చెప్పాల్సిందంతా వాటిలోనే ఉంది.

మా వైపు ఆ మిషన్ని అందరూ సార్టెక్స్ అనే అంటారు. అది నిజానికి ఒక బ్రాండ్ పేరు, ఇప్పుడు స్విట్జర్లాండ్ బ్యూలర్ కంపెనీ వాళ్ళది, కానీ ఏ మిషన్ మీద తీసినా కాపీని జిరాక్స్ అన్నట్టే ఏ దేశం నుంచి తెచ్చినా మిల్లులో అది సార్టెక్సే, ఆఖరికి కిరాణా కొట్లో బస్తా మీద కూడా సార్టెక్స్ బియ్యం అని అచ్చేసి ఉంటుంది. పైనుంచి బియ్యం ఏటవాలు రేకు కాలవల్లో జారుతూ వస్తాయి, రేకు అంచు దాటి గాల్లోకొచ్చిన చోట ముందొక కెమెరా వెనకొక కెమెరా చూస్తుంటాయి, దానికి కాస్త కింద సన్నటి గాలి ముక్కులు బారుగా ఉంటాయి, చెడ్డ గింజ ఏ ముక్కు ఎదురుగా వస్తే ఆ ముక్కు టప్పున ఒక్క ఊదు ఊదుతుంది, గింజ పక్క డబ్బాలో పడుతుంది. అన్ని ముక్కులూ కలిసి కొడుతుంటే ఆ చప్పుడు పోపులో ఆవాలు చిటపటలాడినట్టే ఉంటుంది, కాకపోతే రాత్రీ పగలూ ఆగని పోపు.

ఇప్పుడు లెక్క చూడండి. అర మీటరు కిందికి పడిన వస్తువు వేగం సెకనుకి దగ్గర దగ్గర 3 మీటర్లు, ఇది ఇంటర్ ఫిజిక్సే, రేకు రాపిడికి కొంచెం తగ్గుతుందనుకోండి. కెమెరా చూసే గీతకీ గాలి ముక్కుకీ మధ్య 3 సెంటీమీటర్లు ఉందనుకుందాం. అంటే మన చేతిలో ఉన్న టైము 10 మిల్లీసెకన్లు. మనం రెప్ప కొట్టడానికే 100 మిల్లీసెకన్లు పైన పడుతుంది. ఆ పదిలోనే బొమ్మ తీయాలి, గింజ మంచిదో చెడ్డదో తేల్చాలి, ఏ ముక్కు ఊదాలో చూడాలి, ముక్కు వెనకున్న వాల్వు కదలాలి, దానికీ కొంత టైము కావాలి కదా.

మా ఫీల్డ్‌లో రియల్ టైమ్ అంటారు దీన్ని, చాలామంది రియల్ టైమ్ అంటే ఫాస్ట్ అనుకుంటారు, కాదండి. పెళ్ళిలో జీలకర్ర బెల్లం ముహూర్తానికి పెట్టాలి, పంతులు గారు ఎంత స్పీడుగా మంత్రాలు చదివారన్నది కాదు అక్కడ ప్రశ్న, ఆ ఘడియకి చెయ్యి తల మీద ఉందా లేదా అంతే. ఇక్కడా అదే, ఊదు తొందరగా వచ్చినా తప్పే ఆలస్యంగా వచ్చినా తప్పే. ఆలస్యమైతే నల్ల గింజ తప్పించుకుని బస్తాలోకి పోతుంది, దాని వెనకే వస్తున్న అమాయకపు మంచి గింజకి దెబ్బ తగిలి రిజెక్ట్ డబ్బాలో పడుతుంది, ఒకే తప్పుకి రెండు నష్టాలు. మామూలు కంప్యూటర్ ఇదే లెక్క సగటున 2 మిల్లీసెకన్లలోనే చేసేయొచ్చు, కానీ మధ్యలో దానికి ఇంకేదో పని గుర్తొస్తుంది, ఏదో అప్‌డేట్, ఏదో డిస్కు పని, అప్పుడోసారి 20 పడుతుంది, ఆ ఒక్కసారిలో మిల్లులో ఎన్ని గింజలు దాటిపోయాయో మీరే ఊహించుకోండి. అందుకే ఈ లెక్కని చాలావరకు ప్రోగ్రామ్‌గా నడపరు, సర్క్యూట్‌గా కట్టేస్తారు. ఎఫ్‌పీజీఏ అనే చిప్పు ఉందే, లోపల గేట్లు మెమరీ ముక్కలు అన్నీ విడివిడిగా ఉంటాయి, మనం చెప్పినట్టు వైరింగ్ మార్చుకుంటుంది, దాంట్లో ఒకసారి కట్టిన సర్క్యూట్ ప్రతిసారీ అన్నే క్లాకులకి (చిప్పు లోపలి టిక్కులకి) జవాబిస్తుంది, ఒక్క క్లాకు అటూ ఇటూ కాదు.

సరే, ఆ లెక్క ఏంటి? మీ వార్తలో ఏఐ అన్నారు. కొత్త మిషన్లలో నేర్చుకునే మోడల్స్ కూడా పెడుతున్నారు, కాదనను. కానీ వాటికి ముందు బొమ్మని శుభ్రం చేసే పని ఒకటుంటుంది, దానికి వాడే ఒక పద్ధతి పేరు మార్ఫాలజీ. బయాలజీలో మార్ఫాలజీ కాదు, బొమ్మల ఆకారాల లెక్క. అది పుట్టింది కాలిఫోర్నియాలో కాదు, 1964లో ఫ్రాన్స్‌లో, జార్జ్ మాథెరాన్, జాన్ సెర్రా అని ఇద్దరు, పారిస్ మైనింగ్ స్కూల్ వాళ్ళు, లొరైన్ ప్రాంతం ఇనుప ఖనిజాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి దాంట్లో రేణువులు ఎంతెంత సైజున్నాయి ఎలా అమరి ఉన్నాయి అని కొలవడానికి మొదలుపెట్టారు. తర్వాత సెర్రా దాన్ని యంత్రంగానే కట్టాడు, టెక్స్చర్ అనలైజర్ అని, లైట్జ్ కంపెనీ అమ్మింది కూడా. అంటే ఈ విద్య పుట్టడమే హార్డ్‌వేర్‌తో పుట్టింది, సాఫ్ట్‌వేర్‌లోకి తర్వాత వచ్చింది. మాథెరాన్ రేణువుల సైజు లెక్కకి ఆధారంగా పెట్టుకున్నది ఏంటో తెలుసా, జల్లెడ. మన జల్లెడే. కంతకన్నా చిన్నది కిందికి పోతుంది పెద్దది పైన ఉంటుంది, అదే సైజు జల్లెడతో రెండోసారి జల్లించినా కొత్తగా రాలి పడేదేం ఉండదు, ఇలాంటి మాటల్నే ఆయన గణితంగా రాశాడు. మా అమ్మమ్మకి ఈ సంగతి చెప్తే "దానికి ఫ్రాన్స్ దాకా ఎందుకురా" అని ఉండేది.

మిల్లులో ఇది ఎక్కడ పనికొస్తుందంటే, కెమెరాలో పడే బొమ్మ ఎప్పుడూ శుభ్రంగా ఉండదు. తవుడు రేణువు ఎగిరొచ్చి నల్ల చుక్కలా పడుతుంది, అది గింజ మీది మచ్చ అనుకుని ఊదేస్తే మంచి గింజ పోయినట్టే. రెండు గింజలు అంటుకుని పడతాయి, మిషన్‌కి అది ఒక వింత ఆకారపు గింజలా కనిపిస్తుంది. ఇప్పుడు బొమ్మలో అనుమానం ఉన్న ప్రతి పిక్సెల్‌కి 1 పెట్టండి, మిగతావాటికి 0. ముగ్గు వేసేముందు చుక్కలు పెడతారు చూడండి, మూడు చుక్కలు మూడు వరసలు, ఆ తొమ్మిది చుక్కల చట్రాన్ని బొమ్మంతా జరుపుకుంటూ పొండి, తొమ్మిదికి తొమ్మిదీ 1 అయితేనే మధ్య చుక్క 1గా మిగులుతుంది, ఒక్కటి 0 ఉన్నా పోతుంది. దీన్ని ఎరోజన్ అంటారు, అంచులు కోసుకుపోవడం, కృష్ణ ఒడ్డు కోసుకుపోయినట్టే. ఒంటరి దుమ్ము చుక్క మాయమైపోతుంది, నిజమైన మచ్చ చిక్కిపోయి మిగులుతుంది. తర్వాత దీనికి తిరగేసిన పని, తొమ్మిదిలో ఒక్కటి 1 ఉన్నా మధ్యది 1, దీన్ని డైలేషన్ అంటారు, చిక్కిపోయిన మచ్చ మళ్ళీ ఒళ్ళు చేస్తుంది, కానీ చచ్చిన దుమ్ము మాత్రం తిరిగి లేవదు. ముందు ఎరోజన్ తర్వాత డైలేషన్, ఈ జంటని ఓపెనింగ్ అంటారు, జల్లెడ అంటే ఇదే. గింజల బొమ్మ మీద ఎరోజన్ ఒక్కటే నడిపితే అంటుకున్న రెండు గింజల మధ్య సన్నటి మెడ తెగి రెండూ విడివడతాయి. సర్క్యూట్‌లో అయితే మొదటిది తొమ్మిది తీగలు పోయే ఒక ఆండ్ గేటు, రెండోది ఒక ఆర్ గేటు, అంతే. నలుపు తెలుపు కాకుండా 0 నుంచి 255 దాకా షేడ్స్ ఉన్న బొమ్మైతే ఆండ్ బదులు తొమ్మిదిలో అతి చిన్నది, ఆర్ బదులు అతి పెద్దది. గుణకారం లేదు, భాగహారం లేదు, ఉన్నదల్లా పోలిక.

చిక్కు ఎక్కడంటే తొమ్మిది చుక్కలూ ఒకేసారి చేతిలో ఉండాలి, కెమెరా ఏమో ఒక్కొక్క పిక్సెల్ బారులో వచ్చినట్టు ఇస్తుంది. పై వరసలు రెండు ఎప్పుడో వెళ్ళిపోయాయి. కొత్తవాళ్ళు ఏం చేస్తారంటే బొమ్మ మొత్తం మెమరీలో దాచుకుని తర్వాత లెక్క మొదలుపెడతారు, నేనూ మొదట అదే చేశా. అక్కర్లేదండి, ముందరి రెండు వరసలు గుర్తుంటే చాలు, దాన్ని లైన్ బఫర్ అంటారు, వరసకి 640 పిక్సెల్స్ ఉంటే రెండు బఫర్లకి 1280 బైట్లు, మీరు పంపే ఒక వాట్సాప్ ఫొటో అంత కూడా ఉండదు. పిక్సెల్ లోపలికి రాగానే మొదటి బఫర్‌లోకి పోతుంది, అక్కడ ఒక వరస కాలం కూర్చుని రెండో దాంట్లోకి పోతుంది, అక్కడింకో వరస, ఈ మూడు చోట్ల నుంచి బయటికొచ్చేవి ఒకే నిలువు గీత మీది మూడు పిక్సెల్స్, వాటిని ఇంకో రెండు అడుగులు పక్కకి జరిపితే తొమ్మిదీ మీ ముందు నిలబడతాయి. ఫస్ట్ టైమ్ ఇది పేపర్ మీద గీసుకుని అర్థమైన రోజు నేను ఆఫీసు క్యాంటీన్‌లో ఒక్కడినే కూర్చుని నవ్వుకున్నా.

సార్టెక్స్‌కి ఇది ఇంకా బాగా అతుకుతుంది, ఎందుకంటే దాని కెమెరా ఫొటో తీయదు, ఒకే ఒక్క అడ్డగీతని మళ్ళీ మళ్ళీ చూస్తుంటుంది, గింజే పడుతూ పడుతూ బొమ్మని నిలువుగా గీసుకుంటూ పోతుంది. ఆ బొమ్మకి పైన అంచు లేదు కింద అంచు లేదు, పొద్దున స్విచ్ వేసినప్పుడు మొదలై రాత్రి కట్టేసినప్పుడు అయిపోయే ఒకే పొడుగాటి బొమ్మ. ఉదాహరణకి గీతకి 2048 పిక్సెల్స్, సెకనుకి 10,000 గీతలు అనుకోండి. సెకనుకి 2 కోట్ల పిక్సెల్స్ పైన. గింజ సెకనుకి 3 మీటర్లు పోతుంటే ఒక్కో గీత 0.3 మిల్లీమీటర్లు, అంటే 5 మిల్లీమీటర్ల బియ్యపు గింజ మీద పదహారు పదిహేడు గీతలు పడతాయి, తొమ్మిది చుక్కల జల్లెడ మిల్లీమీటరు కన్నా చిన్న దుమ్ముని ఏరేస్తుంది. ఒక మెట్టుకి, అంటే ఒక ఎరోజన్‌కో డైలేషన్‌కో, ఆలస్యం సుమారు ఒక గీత, అంటే 0.1 మిల్లీసెకను. ఇలాంటి మెట్లు పది ఒకదాని వెనక ఒకటి పెట్టినా 1 మిల్లీసెకను, మన పదిలో ఇంకా తొమ్మిది మిగిలే ఉన్నాయి. పిక్సెల్‌కి పిక్సెల్‌కి మధ్య 49 నానోసెకన్ల దాకా టైముంది, స్టూడెంట్స్ వాడే చిన్న ఎఫ్‌పీజీఏ బోర్డు క్లాకు 100 మెగాహెర్ట్జ్, అంటే పిక్సెల్‌కి నాలుగైదు క్లాకులు, చిప్పు సగం టైము ఖాళీగా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటుంది.

మెట్లు ఇలా వరసగా పేర్చడం కూడా కొత్తేం కాదు, 1980 ప్రాంతంలో అమెరికా మిషిగన్‌లో స్టాన్లీ స్టెర్న్‌బర్గ్ అనే ఆయన సైటోకంప్యూటర్ అని కట్టాడు, ఒకే రకం మూడు మూళ్ళ మెట్లు బారుగా, బొమ్మ ఒక చివర ఎక్కి ఇంకో చివర దిగుతుంది. పెద్ద జల్లెడ కావాలంటే పెద్ద చట్రం కట్టక్కర్లేదు, చిన్నవి ఏడు వరసగా పెడితే పదిహేను పదిహేన్ల చట్రంతో సమానం. ఇంకో కిటుకు, చట్రాన్ని నిలువు అడ్డం విడగొట్టడం, ముందు నిలువుగా మూడింటిలో చిన్నది, ఆ జవాబుల్లో అడ్డంగా మూడింటిలో చిన్నది, ఎనిమిది పోలికలు నాలుగవుతాయి. పదిహేను పదిహేన్లకైతే 224 పోలికలు 28కి దిగుతాయి. 1992లో వాన్ హెర్క్, 1993లో గిల్, వెర్మన్ ఇంకా ముందుకెళ్ళి చట్రం ఎంత పొడుగున్నా పిక్సెల్‌కి సుమారు మూడు పోలికలతో సరిపెట్టారు, వందైనా సరే, వినగానే నమ్మబుద్ధి కాదు కానీ నిజమే. మెమరీ కూడా చూడండి, 2048 వెడల్పుకి పదిహేను వరసల చట్రమంటే 14 లైన్ బఫర్లు, మొత్తం 28,672 బైట్లు. కాలేజీల్లో దొరికే బేసిస్ 3 బోర్డు మీది ఆర్టిక్స్ 7 చిప్పులో 36 కిలోబిట్ల మెమరీ ముక్కలు 50 ఉంటాయి, వాటిలో ఏడు చాలు దీనికి. ఫుల్ హెచ్‌డీ వీడియో సెకనుకి 60 ఫ్రేములు అంటే మాత్రం కథ వేరు, అక్కడ క్లాకు 148.5 మెగాహెర్ట్జ్, పిక్సెల్‌కి 6.7 నానోసెకన్లు, పోలికలన్నీ ఒక్క క్లాకులో వరసగా కానిద్దాం అంటే సర్క్యూట్ కట్టే సాఫ్ట్‌వేర్ టూల్ కుదరదని ఎర్రగా రాసి మొహాన కొడుతుంది, మధ్యమధ్యలో రిజిస్టర్లు (సగం జవాబుని ఒక క్లాకు దాచే గళ్ళు) పెట్టి మెట్లు మెట్లుగా చేస్కోవాలి. మిల్లుకి ఆ గొడవ లేదు.

ఇంతా చెప్పి నా గురించి దాచుకోవడం బావుండదు. నా బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టు పేరు అక్షరాలా ఇదే, ఎఫ్‌పీజీఏ మీద రియల్ టైమ్ మార్ఫలాజికల్ ఇమేజ్ ప్రాసెసింగ్. నలుగురం కలిసి అమీర్‌పేటలో ఒక ప్రాజెక్టు సెంటర్‌లో కొనుక్కున్నాం, మనిషికి రెండు వేల చిల్లర, రిపోర్టు బైండింగ్‌తో సహా. సీడీలో మ్యాట్‌ల్యాబ్ కోడ్ ఉంది, దాంట్లో ఎరోజన్ అంతా ఒక్క లైను, లైబ్రరీ ఫంక్షన్, వెరిలాగ్ (సర్క్యూట్‌ని రాసే భాష) ఫైలు కూడా ఒకటుంది కానీ అది ఏ బోర్డు మీదా ఎప్పుడూ నడవలేదు, ఆ కాలేజీలో నాలుగేళ్ళలో నేను బోర్డు ముట్టుకున్నది రెండు ల్యాబులు, అదీ అట్టపెట్టెలోంచి తీసి చూపించి మళ్ళీ పెట్టేశారు. వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగింది "అప్లికేషన్స్ ఏంటమ్మా" అని, మెడికల్, మిలిటరీ, ట్రాఫిక్ అని చెప్పాం, 94 మార్కులు.

ఆర్నెల్ల తర్వాత ఒక ఇంటర్వ్యూలో రెజ్యుమె మీద ఆ టైటిల్ చూసి ఒకాయన చాలా మర్యాదగా ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "వరసలో ఆఖరి పిక్సెల్‌కి కుడి పక్క పిక్సెల్ ఏది బాబూ?" నేను ఏమీ ఉండదు సార్ అన్నా. ఆయన నవ్వి బొమ్మలో ఉండదు, నీ సర్క్యూట్‌లో ఏముంటుంది అన్నాడు. నోరు పడిపోయింది. జవాబేంటంటే, పిక్సెల్స్ తాడులా వస్తుంటాయి కదా, ఆఖరి పిక్సెల్ తర్వాత తాడు మీద వచ్చేది కింది వరస మొదటి పిక్సెల్, అంటే కుడి గోడ దాటితే ఎడమ గోడ, మీరు అడ్డం పడకపోతే సర్క్యూట్ కళ్ళు మూసుకుని దాన్నే పక్కింటివాడు అనుకుని పోల్చేస్తుంది. బోర్డు మీద ఒక్కసారి కట్టినవాడికి ఇది నిద్రలో లేపి అడిగినా తెలుస్తుంది, వాడికి ఆ దెబ్బ తగిలే ఉంటుంది కాబట్టి. కొనుక్కున్నవాడికి జన్మలో తెలీదు. ఉద్యోగం రాలేదు, రాకూడదు కూడా.

తర్వాత కసి పుట్టి నా డబ్బుతో బోర్డు కొన్నా, నాలుగైదొందల్లో దొరికే ఓవీ7670 అనే చిన్న కెమెరా తగిలించా, అది 640 బై 480, సెకనుకి 30 ఫ్రేములు ఇస్తుంది. నెల పట్టింది మొదటి బొమ్మ రావడానికే. దసరా సెలవులకి మామ దగ్గరికి పట్టుకెళ్ళా, మిల్లు ఆఫీసు బల్ల మీద నల్ల చార్ట్ పేపరు, దాని మీద గుప్పెడు బియ్యం చల్లి, ఏడు మెట్ల ఎరోజన్ పెట్టి మానిటర్ ఆన్ చేశా. అన్ని గింజలూ సమానంగా చిక్కాలి. కొన్ని చక్కగా చిక్కాయి, కొన్ని పూర్తిగా మాయం. మామ చూస్తూ చూస్తూ "అల్లుడూ, ఎడమకి వాలినవి ఉంటన్నయ్, కుడికి వాలినవి పోతన్నయ్ రా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆయన లేచి చార్ట్ పేపర్ని పావు చుట్టు తిప్పాడు. అప్పటిదాకా బతికున్నవి చచ్చాయి, చచ్చినవి బతికాయి. "నీ మిషన్‌కి వాస్తు పట్టింపు ఎక్కువలా ఉందే" అన్నాడు, మిల్లు గుమాస్తా నవ్వాపుకోలేక బయటికెళ్ళాడు.

రాత్రంతా వెతికితే దొరికింది, లైన్ బఫర్ 640 ఉండాల్సింది 639 పెట్టా, సున్నా నుంచి లెక్కపెట్టాలా ఒకటి నుంచా అన్న దగ్గర జారిపోయా. దాంతో ప్రతి వరసా పై వరస కన్నా ఒక్క పిక్సెల్ పక్కకి జరిగింది, నా నలుచదరపు చట్రం కాస్తా వాలిపోయిన గోడలా అయింది, ఏడు మెట్లు కలిసేసరికి ఆ వాలు బాగా పెరిగింది, దానితో పాటు వాలిన గింజ చట్రంలో పట్టింది, ఎదురు వాలింది పట్టలేదు. సిమ్యులేషన్‌లో ఎందుకు దొరకలేదంటే నేను అక్కడ పెట్టిన బొమ్మ గుండ్రటి చుక్క, చిన్నదయ్యిందా అంటే అయ్యింది, పాస్ అని రాసుకున్నా. ఇంకోటి కూడా అప్పుడే తెలిసింది, బొమ్మ చుట్టూ ఏడు పిక్సెల్స్ మందాన నల్ల ఫ్రేము కట్టినట్టు వస్తోంది, ఎందుకంటే బొమ్మ బయట ఏముందో తెలీని చోట నేను 0 పెట్టా, అతి చిన్నది ఏరుకునే లెక్కకి 0 కనపడితే ఇంకేం చూస్తుంది, అక్కడ 255 పెట్టాలి, డైలేషన్‌కైతే తిరగేసి 0. ఇదంతా ఏ రిపోర్టులోనూ లేదు. బియ్యం, చార్ట్ పేపరు, మా మామ కళ్ళు, వీటివల్ల తెలిసింది.

పోయినేడు ఒక కాలేజీ వాళ్ళు ఇండస్ట్రీ నుంచి అని నన్ను ప్రాజెక్టు వైవాకి పిలిచారు. మూడు బ్యాచులు, పేర్లు వేరు, లోపల అదే పాత సరుకు, మూడింట్లోనూ ఒకే బ్లాక్ డయాగ్రమ్, ఒకే చోట ఒకే స్పెల్లింగ్ తప్పు. నేను తిట్టలేదు, ఏ మొహంతో తిట్టను, నా సీడీ మనవడే అది. ఆ ఇంటర్వ్యూ ప్రశ్నే అడిగా. ఎనిమిదిమంది దిక్కులు చూశారు. ఒక్కమ్మాయి మాత్రం కాసేపాగి "కింది వరస ఫస్ట్ పిక్సెల్ వస్తుందేమో సార్, అది తప్పు కదా, ఆపాలి కదా" అంది. ఆ అమ్మాయి బోర్డు మీద చేయలేదు, అక్కడికక్కడ ఆలోచించి చెప్పింది. ఆ కాలేజీలో ఇరవై బోర్డులు బీరువాలో ఉన్నాయని తర్వాత ల్యాబ్ అసిస్టెంట్ చెప్పాడు, పోతే జీతంలో కోస్తారని ఎవరికీ ఇవ్వరట. సగటు స్టూడెంట్ చేతిలో ఉన్న ఫోన్ ఖరీదు కూడా ఉండదు ఆ బోర్డు.

దేశంలో చిప్పుల కోసం 2021లో కేంద్రం 76,000 కోట్ల స్కీము పెట్టింది, మీరూ రోజూ రాస్తున్నారు ఫలానా చోట ఫ్యాబ్ (చిప్పుల ఫ్యాక్టరీ) ఫలానా చోట ప్యాకేజింగ్ అని, మంచిదే. నేను అడిగేది దాని ముందు చిల్లర. బీరువా తాళం తీయించండి. ఫైనలియర్ పిల్లలకి బోర్డు ఇంటికివ్వండి, పోతే పోయింది. వైవాలో అప్లికేషన్స్ అడగడం మానేసి అంచు దగ్గర ఏం చేశావు అని అడగండి, ఏ ప్రాజెక్టుకైనా పనికొస్తుంది ఆ ప్రశ్న. మిల్లర్లకి కూడా ఒక మాట, మీ దగ్గర రిజెక్ట్ డబ్బాలో పడేది రోజూ ఉంటుంది, నల్ల గింజ, పొట్ట తెల్లది, రంగు మారింది, మధ్యలో పొరపాటున పడిన మంచి గింజ, అది పక్కూరి ఇంజనీరింగ్ కాలేజీకి ఒక కవర్లో పోసి పంపండి, పిల్లలకి అంతకన్నా మంచి టెస్ట్ డేటా దొరకదు. మా మామ మిషన్ కార్డు పోయినప్పుడు సీజన్ మధ్యలో తొమ్మిది రోజులు ఆగిపోయింది, ఎక్కడి నుంచో మనిషి రావాలి, వచ్చి బోర్డు పీకి కొత్తది పెట్టి లక్షన్నర బిల్లు వేసి వెళ్ళాడు, లోపల ఏం పోయిందో ఆయనా చూడలేదు. పీకేసిన ఆ కార్డు ఇప్పుడు నా దగ్గరుంది, కెపాసిటర్ ఒకటి ఉబ్బింది, మిగతాదంతా బానే ఉంది.

మీ విలేకరి గారికి నా నమస్కారాలు చెప్పండి, మళ్ళీ ఇటు వస్తే మామ మిల్లుకి తీసుకెళ్తా. ఒక్క చిన్న సవరణ మాత్రం వేసుకోండి, వార్తతో పాటు వేసిన ఫొటో కింద "ఏఐతో పనిచేసే సార్టెక్స్ యంత్రం" అని ఉంది, ఫొటోలో పెద్దగా నీలం రంగులో కనపడుతున్నది ఎయిర్ కంప్రెసర్. సార్టెక్స్ దాని వెనకాల ఉంది, ఎడమ పక్క కొంచెం తలుపు కనపడుతోంది చూడండి, అది.

ఇట్లు,
మీ పాఠకుడు
(పేరు వేయకండి, మా పాత కాలేజీలో ఆ 94 మార్కులు ఇంకా రికార్డులో ఉన్నాయి)